చెక్కుబంది

ఇరవై రెండేళ్లుగా ఎవరెవరి భూముల హద్దులో రాస్తున్నాను.
నాయుడుపేట మాగాణి, పుత్తూరు మామిడితోట,
తెలుగులోంచి అరవంలోకి,
పుటకింత అని.
ఇన్నాళ్లూ వంటింటి గట్టే నా కచేరీ.
ఒకసారి సర్వే నెంబరు మీద చారు ఒలికి
అది ఐదో ఆరో తేలక
ఒక పెద్దమనిషి రెండెకరాలు
సాయంత్రందాకా ఎవరివీ కాకుండా పోయాయి.

ఈ ఏడు నాకూ ఒక గది.
విల్లివాక్కంలో, మూడో అంతస్తులో,
మొన్నటిదాకా బియ్యం డబ్బాలూ
మెడ విరిగిన స్టాండు ఫ్యానూ కాపురమున్న చోటు.
దానికి చెక్కుబంది:
తూర్పు – పక్కింటి పంకజవల్లి గారి స్నానాలగది గోడ.
దక్షిణం – మా వంటిల్లు, తాలింపు ఘాటుతో సహా.
పడమర – కిటికీ, దాని అవతల రైలు కట్ట.
ఉత్తరం – నేను రానూ పోనూ గల తలుపు.
ఈ మధ్యన యాభై ఒక్క చదరపు అడుగులు.

పల్లావరం శుక్రవారం సంతలో
పావురాల పంజరాలూ, మూతల్లేని మిక్సీ జార్లూ,
ఆగిపోయిన గోడ గడియారాలూ దాటుకుంటూ పోతే
ఎండలో ఒక వాలుబల్ల.
నేల మీద బాసింపట్టు వేసుకుని రాసే గుమాస్తా బల్ల.
టేకుది. మూత ఎత్తితే కలరా ఉండల వాసన,
సిరాబుడ్డి కూర్చునే గుండ్రటి గుంట.
ఏడువేలన్నాడు. వెనక్కి తిరిగి నాలుగడుగులు వేశాను.
నాలుగున్నరకి పిలిచాడు.

"తిరిగే కుర్చీ కొనుక్కోరాదుటే, నడుం పోతుంది"
అంది మా చెల్లెలు హైమవతి.
దాని ఆఫీసులో కుర్చీలన్నీ తిరుగుతాయి,
దాని నడుం ఎప్పుడో పోయింది.

వడ్రంగి ఏలుమలై బల్లని తిరగేసి, తట్టి,
చెవి పెట్టి విని,
ఎడమవైపు పలక మీద అరచెయ్యి ఆనించి ఆగాడు.
"దీన్ని వాడినాయనది ఎడమచేతి వాటం అమ్మా."
చూస్తే నిజమే. మోచెయ్యి ఆనే చోట
కొబ్బరిచిప్పంత పల్లం.
ఎవరి జమాఖర్చులో, ఎన్ని వేసవులో,
ఎంత చెమట ఇంకితే టేకు అలా లొంగుతుందో.
"రందా పట్టి సమం చేసెయ్యనా?"
నాది కుడిచెయ్యి. ఆ పల్లం నాకెందుకూ పనికిరాదు.
వద్దన్నాను.
ఇప్పుడందులో నా టీ గ్లాసు కదలకుండా కూర్చుంటుంది.

తూర్పుముఖంగా కూర్చోమన్నారు తెలిసినవాళ్లు.
రెండు రోజులు కూర్చున్నాను.
గోడ అవతల బకెట్టు నిండే చప్పుడు,
పంకజవల్లి గారి జలుబు,
గొంతులో నీళ్లతోనే సహస్రనామం.
మూడోనాడు బల్లని పడమటికి తిప్పేశాను.
సాయంత్రం తిరువళ్లూరు లోకల్ పోతున్నప్పుడు
ఎండ కాగితం మీద తునకలు తునకలుగా పరిగెడుతుంది.

ఫోన్లో ముఖాముఖి మాట్లాడిన వకీలు అడిగాడు,
"ఏంటి మేడమ్, మీరు పోయి ఫ్యాను కనిపిస్తోంది?"
నేల మీద ఉన్నానండీ, అన్నాను.
పడిపోయాననుకుని కంగారుపడ్డాడు పాపం.

నిధి నిక్షేప జల పాషాణ అంటూ
ప్రతి దస్తావేజులోనూ రాస్తాను,
ఎవరికీ ఎన్నడూ దొరకని నిధులకు కూడా హక్కులు.
నా గదిలో లెక్క చూసుకుంటే
నిధి, మూల సందులో దొరికిన తుప్పు గుండుసూది.
జలం, పక్కింటి పైపు వల్ల చెమ్మగిల్లే గోడ మూల.
పాషాణం, కాగితాలు ఎగరకుండా పెట్టిన
అమ్మ కల్వం పొత్రం, ఇంకా కాస్త శొంఠి వాసనతో.
మిగతావి ఇంకా తేలాలి.

నిన్న రాత్రి దీపం పక్కకి వంచి
బల్ల కుడివైపు వేళ్లతో తడిమాను.
ఏమీ లేదు. నున్నగా ఉంది.
ఇరవై ఏళ్లు పడుతుందంటాడు ఏలుమలై,
మోచేతికింద గుడ్డ వేసుకోకపోతే.