అద్దం లేచినప్పుడు

సోలో ఊళ్ళో, రైల్వే స్టేషన్ వెనక సందులో
నాదొక ఫొటో షాపు.
పాస్‌పోర్టు సైజులు, పెళ్ళిళ్ళు,
చనిపోయినవాళ్ళని పెద్దవి చేసి ఫ్రేము కట్టివ్వడం.
ఎప్పుడో నెలకోసారి ఏదో పత్రిక పిలుస్తుంది.

ఈసారి లుకితో ఫోన్ చేశాడు:
"బెధాయ ఆడుతున్నారు, తొమ్మిది మంది ఆడపిల్లలు.
నాకు మొహం కావాలి వగిమాన్,
నవ్వో ఏడుపో
పేజీలోంచి బయటికి దూకాలి."

నేర్పే ఆవిడ బు సుమర్ని గుమ్మంలోనే ఆపింది.
ఫ్లాష్ వద్దు. ఈ స్తంభం దాటొద్దు.
"మీ పిల్లలు ఎక్కడైనా నవ్వుతారా అమ్మా?"
చెప్పులతో మండపమెక్కినవాణ్ణి చూసినట్టు చూసింది.
"పళ్ళెంలో నీళ్ళు తొణక్కుండా మోసుకొస్తున్నవాళ్ళు వాళ్ళు.
నువ్వు దారికి అడ్డం రాకు, అంతే."

గామెలాన్ మొదలైంది.
రేకుల కప్పు మీద వాన కూడా మొదలైంది,
కాసేపు ఏది ఏదో తెలియలేదు.
ఒక చెయ్యి భుజందాకా లేచే లోపు
మా సందు వెనక మూడు రైళ్ళు పోతాయి.
తొమ్మిది మొహాలు, పసుపు రాసుకున్నవి,
చూపులన్నీ నేలమీద, నాకు కనపడని ఒకే చోట.

మూడొందల పన్నెండుసార్లు నొక్కాను.
మూడొందల పన్నెండు మూసిన తలుపులు.

విసుగొచ్చి కెమెరా కిందికి దించితే
కాళ్ళు కనపడ్డాయి.
చీరకట్టు అంచు కాళ్ళ మధ్య నుంచి
వెనక్కి తోకలా పారుతోంది,
అందులో గులాబి రేకులు చుట్టిపెడతారు.
తిరిగిన ప్రతిసారీ మడమతో ఒక చిన్న తన్ను,
రేకులు జానెడెత్తు లేచి పడతాయి.
తొమ్మిది తన్నులూ ఒక్కటే,
ఏడోది తప్ప.
ఏడో పిల్ల తన్నింది,
నిజంగానే తన్నింది.
ఒక రేకు వచ్చి నా మోకాలి మీద వాలింది.

గబుక్కున మొహానికెత్తి నొక్కాను.

నా పాత కెమెరాలో ఒక చిన్న అద్దముంది.
నొక్కగానే అది పైకి లేస్తుంది.
వెనకున్నది చూస్తుంది, నాకు చీకటి.
ముప్ఫై ఏళ్ళుగా నేను తీసిన ప్రతి బొమ్మా
నేను చూడకుండా పోయిన క్షణమే
అని పెళ్ళివాళ్ళకి ఎప్పుడూ చెప్పలేదు.

రాత్రి కంప్యూటర్లో పెద్దది చేసి చూశాను.
మొహం ఏమీ మారలేదు.
పై పెదవి మీద ఒక చెమట చుక్క,
పడదామా వద్దా అన్నట్టు.
దీన్ని ఏమంటారో నాకు తెలీదు.
లుకితోకి తెలుసు: "ఏమీ లేదిందులో."
చివర్లో పూలగుత్తులు పట్టుకుని
తొమ్మిది మందీ పళ్ళు కనపడేలా నించున్నది వేసుకున్నాడు.
పేజీలోంచి బాగానే దూకారు.

మంగళవారం పొద్దున
చంకలో హెల్మెట్టు, జీన్సు ప్యాంటుతో ఒకమ్మాయి.
"నాలుగు పాస్‌పోర్టు ఫొటోలు కావాలి. ఒసాకాలో ప్రోగ్రాముంది."
ఫారం మీద పేరు వెనింగ్.
మా మాటల్లో దానికి తేట అని అర్థం.
మొహం చూసి కాదు,
స్టూలెక్కేటప్పుడు కాలు చూసి గుర్తుపట్టాను.

రూలు చెప్పాను: సూటిగా చూడు, నోరు మూసుకో,
మొహంలో ఏ భావమూ ఉండకూడదు.
"నాకా చెప్తున్నారు?" అంది.
అంతే.
గంటన్నర తొణకనిది
అయిదు సెకన్లు నిలబడలేక పోయింది.
పెదవి బిగించడం, ముక్కు ఎగరడం, మళ్ళీ మొదలు.
అయిదోసారి నొక్కినప్పుడు
అద్దం లేచింది,
చీకట్లోంచి ఆ నవ్వు వినపడింది.
ఆరోది ఆఫీసువాళ్ళు ఒప్పుకునేలా వచ్చింది.

డబ్బులిస్తుంటే అడిగాను,
ఆ రోజు అంత గట్టిగా ఎందుకు తన్నావని.
మడమ తిప్పి చూసుకుంది.
"రేకుల్లో ముల్లుందండీ.
గులాబీలు కొన్నవాడు చూసుకోలేదు."

చిల్లర లెక్కపెట్టుకుని
హెల్మెట్టు తగిలించుకుంది.
అద్దం దించింది.