గురి కుదరడం

ముప్పై నాలుగేళ్ళు బ్ర్నో ఊళ్ళో ట్రామ్ నడిపాను.
ఎడమ బొటనవేలి మొదట్లో కీలు అరిగిపోయింది.
రిటైరైన రోజు వాళ్ళిచ్చిన గోడ గడియారం
రోజుకు నాలుగు నిమిషాలు వెనక నడుస్తుంది.
నేనట్లా నడిస్తే జీతం కోసేవాళ్ళు.

అరవై మూడో ఏట లైసెన్సు పరీక్ష రాశాను,
పక్క బెంచీల్లో మీసాలు మొలుస్తున్న పిల్లలు.
డాక్టరు కాగితం మీద ముద్ర వేయబోతూ
"ఎవరి మీద కోపం, ద్రహోమీరా గారూ?" అన్నాడు.
"గడియారం మీద" అన్నాను.
నవ్వి, ముద్ర గట్టిగా కొట్టాడు.

దుకాణాయన విటెస్లావ్
నా చేతులు చూడకుండానే
అద్దాల పెట్టెలోంచి చిన్నది తీశాడు.
అరచేతిలో ఇమిడేది, ప్లాస్టిక్ ఒంటిది.
"ఆడవాళ్ళకి బాగుంటుంది, సంచీలో పడుంటుంది."
నా సంచీలో ఉల్లిపాయలుంటాయి, అన్నాను.
నాకు కావలసింది ఆదివారం ఆట:
చెక్క గోడల సందుల్లో నడుస్తూ, వంగుతూ,
అట్టబొమ్మల్ని వెతికి
ఇనప పళ్ళేల్ని పడగొట్టే ఆట.

సరే, కింది గదిలో దాంతోనే ఐదు పేల్చాను.
తేలికది కదా,
దెబ్బంతా తనేం ఉంచుకోకుండా నాకే ఇచ్చేసింది.
అరిగిన కీలులో నిప్పుకణిక.

రెండోది చేతికి నచ్చింది. స్లయిడు వెనక్కి రాలేదు.
జనవరి మంచులో ఒక్కదాన్నే దిగి
ఇనప గడతో పట్టాలు మార్చినదాన్ని,
వేలెడు స్ప్రింగు ముందు ఓడిపోయి
దుకాణం మధ్యలో సిగ్గుపడ్డాను.

అప్పుడు చూశాడు విటెస్లావ్ నా చేతులు.
ఏమీ అనకుండా వెనక గదిలోకి పోయి
పాత తువ్వాలులో చుట్టినదొకటి తెచ్చాడు.
ఉక్కుది. కిలో మీద రెండొందల గ్రాములు.
ఎవరో ముసలాయన వాడి వాడి
పిడి మీది గీతలు నునుపెక్కాయి.
మెత్తటి స్ప్రింగు వేయించుకున్నాడట.
"ఆయనకీ కీళ్ళే. ఇప్పుడు చేపలు పడుతున్నాడు."
తర్వాత మెల్లగా,
"స్లయిడుని లాగకండి. ఎడమచేత్తో ఊరికే పట్టుకుని
కుడిచేత్తో పిడిని ముందుకి తొయ్యండి."
తోశాను.
వంటగది తలుపులా తెరుచుకుంది.

బరువైన బండి నాకు తెలుసు.
మెల్లగా కదులుతుంది, మెల్లగా ఆగుతుంది,
నిలబడ్డ ముసలమ్మల బుట్టల్లో గుడ్లు పగలవు.

ఇక కళ్ళ సంగతి.
పైన ఎర్ర చుక్క బిగిస్తానన్నాడు.
తొంగిచూస్తే చుక్క కాదు, తోకచుక్క.
వంకర కన్ను నాది.
కాబట్టి ఇనప గురే.
కళ్ళజోళ్ళ షాపులో చెయ్యి చాచి
"చదవడానికి కాదు, రోడ్డుకీ కాదు,
ఇదిగో, ఈ దూరానికి అద్దం కావాలి" అన్నాను.
ఆ అమ్మాయి దర్జీలా టేపు తెచ్చి
నా చెయ్యి పొడవు కొలిచింది.

బతుకంతా దూరం చూశాను.
తాగి తూలేవాడు, సైకిలు మీది పిల్ల,
గాలికి ఎగిరి పట్టాల మీద పడిన గొడుగు,
అన్నిటినీ రాకముందే చూడాలి నా కన్ను.
ఇప్పుడు నేర్చుకుంటున్నాను
చేతి చివర ఉన్న ముల్లుని స్పష్టంగా ఉంచుకుని
దూరాన్ని మసకగా వదిలెయ్యడం.
వదలదు. దూరం పేరు పెట్టి పిలుస్తుంది.

మొన్న మొదటి పోటీ. వాన.
డబ్బా కుయ్యిమంది.
పరుగెత్తలేదు, వేలు బయట ఉంచి నడిచాను
ప్రతి స్టాపులోనూ ఆగుతూ.
ఒక అట్టబొమ్మని మరిచేపోయాను,
చెయ్యెత్తినవాణ్ణి ఎక్కించుకోకుండా పోయినట్టు.
చివరి పళ్ళెం మాత్రం ఒక్కదెబ్బకి
ఠంగుమని మోగి వెనక్కి వాలింది.
నా కుడికాలు తనంతట తనే
గంట పెడలు కోసం వెతికింది, బురదలో.

"ఖాళీ చేసి చూపించండి" అన్నాడు రిఫరీ కుర్రాడు.
చూపించాను. లోపల ఒక వానచుక్క.

నలభై ఒక్కమందిలో ముప్పై తొమ్మిది.
దాని మీద నాకు గురి కుదిరింది.
నా మీద దానికి
ఇంకా కుదరలేదనుకుంటా,
ఇంటికొచ్చి నూనె గుడ్డతో తుడుస్తుంటే
గోడ మీద ఆ వెధవ గడియారం
ఇంకా మధ్యాహ్నమే అంటోంది.