శ, ష, స

గాజులు తీసి బల్లమీద పెట్టారు మాణిక్యాంబ గారు,
ఆరు. పక్కన కళ్లజోడు.
నూలు చీరే కట్టుకొచ్చారు,
పట్టుచీర కదిలితే మైకుకి వినబడుతుందని
ఆవిడకి నేను చెప్పాలా.
ఏసీ ఆపాను. సాలిగ్రామంలో మే నెల,
మేడమీద గది, గోడలకి పాత బొంతలు.
ఇక గాలంటూ ఉంటే మేమిద్దరం వదిలిందే.

ఎక్కడో నెల్లూరులో కొత్త అపార్టుమెంటు లిఫ్టుకి
మూడు ముక్కలు చెప్పాలి:
"శుభోదయం. ఆరో అంతస్తు. సంతోషంగా వెళ్లిరండి."
మనిషిలా ఉండకూడదట,
అలాగని పిల్లలు జడుసుకోకూడదట.

తెరమీద వోకోడర్ తెరిచి చూపించాను.
మీ మాటని ఇది పదహారు జల్లెళ్లలో పోస్తుందండీ,
దేంట్లో ఎంత నిలిచిందో చూసుకుని
నేను నొక్కిపట్టిన స్వరాల్లోంచి అంతంతే వదులుతుంది.
నోరు మీది, గొంతు దీనిది.
"అయితే తిరగేశారన్నమాట," అన్నారావిడ,
"నలభై ఏళ్లు నోరు వాళ్లది, గొంతు నాది."
అని మంచినీళ్లు అడిగారు.

రెజొనెన్స్ ఇరవై దగ్గర ఏమీ లేదు.
యాభైలో ప్రతి అచ్చుకీ అంచు వచ్చింది,
తడివేలితో గ్లాసు చుట్టూ రాసినట్టు.
డెబ్భైలో 'ఓ' బిందెలోకి దిగి పలికింది.
తొంభై దాటించానో లేదో
వాక్యం అయిపోయినా ఈల ఆగలేదు,
ఎవరూ ఊదని ఈల.
"దించు, దించు," అన్నారు
పొయ్యిమీద పాలని చూసి అన్నట్టు.

తరవాత మాడ్యులేషన్.
నెమ్మదిగా పెడితే మాట కాసిమేడులో కట్టేసిన పడవ.
వేగం పెంచితే వణుకు.
"జ్వరం సీనా? దానికి మీటలెందుకు?"
రెండు వేళ్లతో గొంతుమీద తట్టుకుంటూ
శు భో ద యం, అన్నారు.
నేను రికార్డు చేసి లెక్కపెట్టాను:
సెకనుకి అయిదున్నర తట్లు.
మీటని అయిదున్నర దగ్గర ఆపి ఊరుకున్నాను.

అంతా బాగానే ఉంది గాని
లిఫ్టు "ఉభోదయం" అంటోంది.
సంతోషం "అంతోహం" అయింది.
శషసలకి శ్రుతి ఉండదు కదా, ఉత్త ఊపిరి,
సింథ్ స్వరాల్లో దానికి చోటు లేదు.
మూలన నాయిస్ అని ఓ చిన్న మీట ఉంటుంది,
అది తిప్పితే ఒక గరుకు వచ్చింది,
మూడక్షరాలకీ ఒకటే గరుకు.
నాకు తేడా తెలియలేదు.
చూళైమేడులో పుట్టి, తెలుగు ఇంట్లో తప్ప
ఎక్కడా చదవనివాణ్ణి, నాకు మూడూ ఒకటే.

"ఏదీ, 'ష' అను."
అన్నాను.
"అది 'స'. నాలుక కొస పైకి మడువు.
ఊఁ. ఇప్పుడు 'శ'. మడవకు, మధ్యభాగం అంగిటికి ఎత్తు.
'స' అంటే పళ్ల వెనకే."
ముప్పై రెండేళ్లవాణ్ణి, చెమటలో తడుస్తూ
శ, ష, స, అంటున్నాను.
కింద వీధిలో నీళ్ల ట్యాంకరు రివర్సులో మోగుతోంది,
అది ఆగేదాకా ఆగి మళ్లీ అన్నాను.
జల్లెళ్లలో అప్పుడు కనబడింది:
'స' అన్నిటికంటే పైన మెరుస్తోంది,
'ష' కాస్త కిందికి కూర్చుంది,
'శ' రెంటి నడుమ.

ఏడో వెర్షన్‌కి నెల్లూరు నుంచి బొటనవేలు వచ్చింది,
దానివెంటే ఒక మాట: గాలి కొంచెం తగ్గించండి.
రెండు గీతలు తగ్గించాను.
ఆవిడకి చెప్పలేదు.

గాజులు ఒక్కొక్కటే లెక్కపెట్టి తొడుక్కుంటున్నారు.
మైకు ఆపడం మరిచాను, నా చెయ్యింకా కీబోర్డు మీదే ఉంది.
గలగల కాస్తా మూడు స్వరాల్లో
స్పీకర్లలోంచి వచ్చింది.
ఆవిడ ఆగారు. చెయ్యి మళ్లీ ఊపారు.
ఇంకోసారి.
రెజొనెన్స్ వైపు చూపించి,
ఈసారి పొంగనీ, అన్నారు.