ఆ చుక్ చుక్ తీసేయ్

వెర్నా హోస్టెట్లర్ ఆ పెట్టె తెచ్చిన రోజు
క్రెస్ట్‌లైన్‌లో మంచు సగం కరిగి
సగం బురదై ఉంది.
నా బల్ల మీద అప్పటికే మూడు డీజిల్ ఇంజన్లు
కడుపులు విప్పుకుని బోర్లా పడున్నాయి.

పసుపు నురుగు గూట్లో ఇత్తడి ఇంజన్.
రెండు జానల పొడవు, ఇరవై చక్రాలు,
ఆవగింజంత మరలు.
మూడు వందల్లో ఇది నూట పదిహేడోదని
చిన్న కాగితం, ఎవరిదో సంతకం.
"సీలు తీస్తే సగం ధర పోతుందమ్మా" అన్నాను.
ఆమె అప్పటికే టేపు కోసేసింది
ఇంటి తాళంచెవితో.

అసలుది ఒక్కటే పుట్టింది.
ఆవిరిని పిస్టన్ మీదికి కాక
టర్బైన్ రెక్కల మీదికి వదిలి చూద్దామనుకున్నారు,
యుద్ధం ఇంకా సాగుతుండగానే.
చూశారు. కొన్నేళ్ళు చూశారు.
తర్వాత టార్చి పెట్టి తుక్కు చేశారు.
బొమ్మలు మాత్రం ఇప్పటికీ పుడుతూనే ఉన్నాయి.

పరుగెత్తి పాలు తాగేకన్నా
నిలబడి నీళ్ళు తాగడం మేలన్న మాట
ఆ బండి దగ్గర చెల్లలేదు.
పరుగులో ఉంటే పొదుపరి.
నిలబడ్డ చోటి నుంచి కదలమంటే
బాయిలర్‌ని జుర్రేసేది.
ఒత్తిడి దభాల్న దిగేది,
లోపల బోల్టులు ఫట్‌ఫట్‌మని తెగేవి.
వాటిని మార్చే పని వెర్నా నాన్నది.
"మొదలుపెట్టడం చేతకాని మనిషి లాంటిది" అనేవాడట,
తెగిన ముక్కల్ని కోటు జేబులో వేసుకొచ్చి.
ఆ పిల్ల వాటితో అచ్చనగాయలాడింది.

స్విచ్ వేశాను.
ఇంజన్ కదిలింది, లోపలి చిప్పు పలికింది:
చుక్ చుక్ చుక్ చుక్.
ఆమె మొహంలో ఎవరో దీపం ఆర్పేశారు.
"అది కాదు. అదెప్పుడూ చుక్ అనలేదు.
తీసేయ్."
నిజమే, పిస్టన్ లేనిదానికి చుక్ ఎక్కడిది?
తయారుచేసినవాళ్ళు
ఏదో పాత ఇంజన్ గొంతు అరువిచ్చారు.

తీసేశాను. పది నిమిషాల పని.
మూగగా ఒక చుట్టు తిరిగింది.
అదీ కాదంది.

కెటిల్ పెట్టి విన్నాం. కాదు.
కిటికీ సందులో గాలి...
దగ్గరే గానీ అందులో ఇనుము లేదు.
సైకిల్ టైరులో గాలి వదిలితే
"మా నాన్న వింటే నిన్ను తన్నేవాడు" అంది.

అప్పుడు కుర్చీ పట్టుకుని లేచింది,
ఎనభై నాలుగేళ్ళ మనిషి.
పళ్ళ వెనక నాలుక ఆనించి వదిలింది
ష్‌ష్‌ష్...
ముందు లావుగా, తడబడుతూ,
ఆనక సన్నగా, ఇంకా సన్నగా,
తెగని ఒకే పోగులా,
వంటింటి బల్ల చుట్టూ
ఆయన పరుగెత్తి చూపించినట్టే.
"అప్పటికే ఆయన ఒక చెవిని
రివెట్లు తినేశాయి" అంది ఊపిరి తిరిగాక.
"ఇది రెండో చెవి విన్నది."

రికార్డు చేశాను. మూడోసారి మధ్యలో దగ్గొచ్చింది.
అంతవరకూ కత్తిరిస్తానంటే వద్దంది:
"సరిగ్గా అక్కడే అదీ దగ్గేది."

బిల్లులో
చిప్పు తీసినందుకు పన్నెండు డాలర్లని రాశాను.
రెండో వరసలో ఏం రాయాలో తోచక
పెన్ను పట్టుకు కూచున్నాను.
ఆమె పర్సు వెతికి
తెగిన బోల్టొకటి బల్ల మీద పెట్టింది,
వేలంత ఉంది, ఒక కొన తుప్పు.
మారు మాట్లాడకుండా పెట్టె చంకనెత్తుకుని
బురదలో జాగ్రత్తగా అడుగులేస్తూ వెళ్ళింది.

కిటికీ సందు నేనింకా పూడ్చలేదు.
గాలొచ్చినప్పుడు కాగితాలెగరకుండా
వాటి మీద ఉంటుందది.