రాజేశం దుప్పటి మీద ఇటలీ

షార్జా అవుతల సజ్జా క్యాంపు, మూడో బ్లాకు, మెస్సు గోడ.
గోడకు రాజేశం దుప్పటి, నాలుగు మూలల నాలుగు మేకులు.
రాజేశం రెండో షిఫ్టుల ఉన్నడు,
దుప్పటి ఖాళీగనే ఉన్నది గద అని తీసుకున్నం.
పదకొండు గొట్టంగ ఆట షురువయింది.
బయట గాలి ఇంక ఇస్త్రీపెట్టె లెక్కనే ఉన్నది.
దుప్పటి నడుమ ఒక ముడుత.
బంతి అండ్ల పడి మాయమయి
అవుతలి దేశంల తేలుతది.

ఎవరి జట్టు వాళ్ళకున్నది.
ఎట్ల దొరికిందో చెప్తే
షంనాద్‌కు కోపమొస్తది.
ఆయనది మలప్పురం, ప్రొజెక్టరు ఆయనదే,
పోర్చుగల్ గోలీ మేనమామ పేరు గూడ చెప్తడు.
"సంతల వంకాయలు ఏరినట్టు ఏరుతరా దేశాలను?"
ఏరినం మరి.

పోశెట్టికి క్రొయేషియా.
ఆ అంగీ మీది ఎర్రగళ్ళు, తెల్లగళ్ళు
అచ్చం ఆయన తువ్వాల.
"నా తువ్వాల తొడుక్కొని ఉరుకుతుంటె
వేరేటోళ్ళను ఎట్ల మెచ్చుకుంట?"

భూమన్నది జర్మనీ.
పద్నాలుగేండ్లు ఆ దేశపు క్రేను మీద కూసున్నడు,
ఒక్కపారి గూడ తాడు జారలే.
జర్మనీ ఓడిన రాత్రి
"సర్వీసింగు సక్కగ చేయలే వాళ్ళకు" అన్నడంతే.

మొక్సెద్ భాయ్‌ది డెన్మార్కు.
ఆ పేరు ఆయన బిస్కట్ డబ్బా మూత మీద ఉన్నది.
బిస్కట్లు ఏ ఈదుకు అయిపోయినయో,
ఇప్పుడు అండ్ల సూది, దారం, సగం సబ్బు,
బిడ్డకు ఊడిన మొదటి పన్ను.

ఇంగ్లండును ఎవరూ ఏరలే.
"అన్నేండ్లు ఏలిండ్రు, ఇంక చప్పట్లు గూడనా?"
అన్నడు గంగారాం.
వాళ్ళు గోలు కొట్టినప్పుడు
అందరికంటె ముందు లేసింది ఆయన్నే.
కాలు తిమ్మిరెక్కిందట.

లింబాద్రన్నది ఇటలీ.
ఆయనా నేనూ ఒకటే మిషిను మీద పాలరాయి కోస్తం.
ఆయన తొమ్మిదేండ్ల సంది.
రాయి ఇటలీకెల్లి వస్తది,
కట్టెపెట్టె మీద ఏదో ఊరి పేరు, నంబరు.
"దగ్గితె ఇటలీయే బయటికొస్తది,
ఇగ వేరే జట్టు ఏడికెల్లి తేవాలె?"

ఆ రాత్రి ఆట తెగలే.
అదనపు అరగంట గూడ అయి
పెనాల్టీల కాడికి వచ్చింది.
అప్పుడొచ్చిండు రాజేశం డ్యూటీ దిగి.
"నా దుప్పటి" అన్నడు.
రెండు నిమిషాలన్నం, కాళ్ళు మొక్కుతమన్నం.
మేకులు పీకి, కప్పుకొని,
ఆ గోడకున్న బెంచీ మీదనే పండుకున్నడు.
ఆట గోడ మీద సగం, ఆయన మీద సగం.

ఇటలీ పోరడు నడిమి గీత కాడికెల్లి
రాజేశం మోకాళ్ళ మీదుగ ఒక్కడే నడిసొచ్చిండు.
తన్నిండు.
బంతి పైకి, ట్యూబులైటు దిక్కు పోయింది.

పోరడు కూలబడి మొకం దాసుకున్నడు.
రాజేశం ఊపిరి తీస్తుంటె
వాని వీపు లేస్తున్నది, పడుతున్నది.

ఎవరం మాట్లాడలే. షంనాద్ గూడ.
లింబాద్రన్న మెల్లగ అడిగిండు:
"ఓడినోళ్ళను ఏం జేస్తరు?"
"ఏం జేస్తరు, ఇంటికి పంపుతరు. పొద్దుగాల్ల విమానం."
"పొద్దుగాల్లనేనా?"
"పొద్దుగాల్లనే."
"టికెటు?"
"వాళ్ళే ఇస్తరు."
లింబాద్రన్న దుప్పటి దిక్కు చానసేపు చూసిండు.
"మరి ఏడుస్తడేంది" అన్నడు.

ఎవరో నవ్విండ్రు,
నడుమలనే ఆపిండ్రు.

నాలుగున్నరకు బస్సు.
మిషిను మీద కొత్త పలక, ఇంక నీళ్ళు విడువలే.
లింబాద్రన్న చెయ్యి తుడుసుకొని
రాయి వీపు మీద రెండుసార్లు తట్టిండు.

స్విచ్చి నేను వేసిన.