నాలుగో గడి

మురకంబట్టు దాటినాక
మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు పక్కన
తూకం రూములో
నాకంటే ఏడాది పెద్దదొకటి
ఇంకా పనిజేస్తా ఉండాది.

ఫోర్ ఎయిటీ సిక్స్ అంటారు దాని జాతిని.
నల్ల తెర, పచ్చ అంకెలు,
టీ మరకల రంగుకు తిరిగిన తెల్ల పెట్టె.
కొత్త కంప్యూటర్లు రెండుసార్లు తెచ్చినారు.
కాటా కింద పూడ్చిన పాత ఇనుము
వాటి మాట వినలేదు.

కొత్తవాటికి ఒళ్లెంత కాలుతోందో
అవే చెప్పుకుంటాయంట.
దీనికి ఆ నోరు పెట్టలేదు ఎవురూ.
కాలితే చెప్పదు,
ఆగిపోతుంది, అంతే.

మొదటి సీజను చెయ్యి పెట్టి చూసినా.
దోసె పెనమైతే నీళ్లు చిలకరించి చూస్తాం,
దీనికెట్ల?
రెండో సీజను మందుల షాపులో
జ్వరం పుల్ల కొన్నా.
నలభై రెండు దాకా ఎక్కి
ఆపైన నాకు తెలీదని నిలబడిపోయింది.
మనిషి లెక్క ముగిసే చోట
ఈ పెట్టె పొద్దున పూట మొదలు.

ఫ్రిజ్జుల రిపేరు దస్తగిరి
పాత మీటరొకటి ఇచ్చినాడు,
సన్న వైరు, కొనన ఆవగింజంత మెటలు ముక్క.
"డబ్బులొద్దు, కాయలు పంపు" అన్నాడు.
చిప్పు మీది అల్యూమినియం పళ్ల సందులో
ఆ గింజను ఇరికించి టేపేసినా.
నోటుబుక్కులో మూడు గళ్లు గీసినా:
టైము. డిగ్రీ. ఏమైంది.

పది గంటలు. నలభై ఎనిమిది. ఏమీ లేదు.
పన్నెండున్నర. అరవై ఒకటి. ఫ్యాను గీక్కుంటా ఉండాది.
విప్పితే రెక్కల్లో ఎండిన తేనెటీగ,
గుజ్జు వాసనకు వచ్చి
తలుపు తప్పినట్టుంది.
రెండు గంటలు. అరవై తొమ్మిది.
స్టిక్కరెత్తి కుట్టుమిషను నూనె ఒక చుక్క.
అరవై ఆరు.
మూడూ పది. డెబ్బై రెండు.
ఆగింది.

ఆగినప్పుడు కాటా మీదున్నది
ఐరాల చెంగల్రాయుడి ట్రాక్టరు.
మూడు దినాలు రోడ్డు మీద లైన్లో నిలబడి
అప్పుడే ఎక్కినాడు.
తెర మీద అంకె సగంలో గడ్డకట్టింది.
చల్లారాలంటే నలభై నిమిషాలు.
మూత ఊడదీసి
నాకున్న ఒక్క టేబుల్ ఫ్యాను
దాని వైపు తిప్పినా.

కిటికీలోంచి చూసినాడాయన.
"దానికి ఇసురుతా ఉండావే పాపా."
కోపంగా కాదు.
టవలుతో మెడ తుడుచుకుని మళ్లీ,
"కాయ కూడా కాలుతుంది."

ఏమనాలో తెలీలేదు.
మీటరు పీక్కోని బయటికి పోయినా.
ట్రాలీ ఎక్కి
బెంగుళూరా కాయల కుప్పలో
మోచేతి దాకా చెయ్యి పెట్టి
ఆవగింజను వదిలినా.
తలుపు సందున జీడీ రసమూ కలిసి
బొట్టు బొట్టుగా తారు మీద పడతా ఉండాది,
చీమలు అప్పుడే దారి వేసుకున్నాయి.

"ఎంత?"
"నలభై ఆరు."
"నిన్నెంతుండె?"

నిన్న ఎవురు చూసినారు?

నాలుగు గంటలకు పెట్టె లేచింది.
వాళ్లూరి కాటాలో నాలుగు టన్నులు,
నా తెర మీద మూడు ఎనిమిదొందల నలభై.
ప్రింటరు కీచుమంటా స్లిప్పు ఇచ్చింది.
మడిచి జేబులో పెట్టుకున్నాడు, చూడకుండానే.
ఆ నూట అరవై కిలోలు
ఏ గడిలో రాయాలో నాకు చెప్పలేదు ఎవురూ.

రాత్రి స్కేలు పెట్టి
పెన్సిలుతో నాలుగో గడి గీసినా.
సూపర్‌వైజరు చూసి, "ఇదేంది?
మిషను వేడి గదా రాయమన్నది?"
"ఔ సార్" అన్నా.
గడి అట్లనే ఉండాది.

మర్నాడు. పది గంటలు.
పెట్టె నలభై తొమ్మిది.
కాయ నలభై ఒకటి.
లైను, గేటు నుంచి వంక బ్రిడ్జి దాకా.

దస్తగిరికి కాయలు ఇంకా పంపలేదు.