గుడ్డ కింద రేకులు

టీ వద్దన్నారు.
బెజవాడలో, ఏలూరు కాలవ గట్టు మీద, సాయంత్రం ఐదింటికి
టీ వద్దన్న మనుషుల్ని నేనెరగను.
మజ్జిగ ఇచ్చాను. ఉప్పు ఎక్కువైనా తాగేశారు.

తెల్లచొక్కాలు, టైలు, రోహిణి కార్తె చెమట.
జేబు మీద నల్లబిళ్ళలో ‘ఎల్డర్’ అని ఉంది.
ఒకడికి ఇరవై. రెండోవాడికి మీసమే సరిగ్గా రాలేదు.
పెద్దరికం బిళ్ళ మీదుంటే చాలు కాబోలు మీకు, అన్నాను.
రేపల్లె కుర్రాడు నవ్వాడు.
బిళ్ళ మీద ఇంటిపేరే ఉంది, గోవాడ.
అసలు పేరు అడిగితే అభిషిక్త్ అన్నాడు.
కోయంబత్తూరు వాడికి ఏమీ అర్థం కాలేదు, వాడూ నవ్వాడు.

బంగారు రేకుల సంగతి చెప్పారు.
గుట్టలో రాతిపెట్టె, పెట్టెలో రేకులు,
రేకుల్ని గుచ్చి మూడు కడియాలు.
వాళ్ళకేం తెలుసు,
ముప్పయ్యొక్క ఏళ్ళు బందరు రోడ్డు మ్యూజియంలో
చాళుక్యుల రాగిరేకులకు సిరా అద్ది
కాగితం నొక్కిన మనిషినని.
కడియం చుట్టూ అక్షరాలు ముందు అరుగుతాయి.
మొదటి రేకు బయటివైపు ఏమీ చెక్కరు,
రాపిడికి వదిలేస్తారు.
మీ రేకులకీ అలా ఒక ఖాళీ ముఖం ఉందా?
అంతవరకూ వాళ్ళనెవరూ అది అడగలేదు.

నీలి అట్ట పుస్తకం ఉంచేసి వెళ్ళారు.

కరెంటు పోయాక కూడా చదివాను,
గుంటూరు లూథరన్ బడిలో నేర్పినట్టు
వేలు పెట్టి, వచనం వచనం.
యుద్ధాలు చాలా ఉన్నాయి. నిద్ర కూడా వచ్చింది.
ఒక తండ్రి చనిపోతూ కొడుకులతో మాట్లాడే చోట
రాలేదు.

ఆ పుస్తకంలో లేనిది, వాళ్ళ చరిత్రలో ఉన్నది ఒకటి
నన్ను పట్టుకుని వదల్లేదు.
ప్రవక్త భార్య.
రేకులు ఆమె ఇంట్లోనే, బల్ల మీద,
నారగుడ్డ కింద ఉండేవట.
పని చేసుకుంటూ పక్కకు జరిపేదట.
బొటనవేలితో అంచులు కదిపితే
గరగరమనేవట.
విప్పి చూడలేదట.
ఎలా ఉండగలిగావు తల్లీ?
నా చేతుల్లో అయితే ఆ గుడ్డ ఒక పూట నిలిచేది కాదు.
తర్వాత ఆమె కాపురంలోకి
ఇంకెందరు భార్యలు వచ్చారో చదివాను.
అప్పుడు కూడా, ఆయన మనసుని
గుడ్డ మీద నుంచే తడిమిందా?

మళ్ళీ వచ్చినప్పుడు నేను మొహమాటపడలేదు.
నల్లవాళ్ళకి యాజకత్వం ఎప్పుడిచ్చారు అభిషిక్త్?
డెబ్భై ఎనిమిదిలో అండి.
దివిసీమ ఉప్పెనకి మరుసటి ఏడు.
అందాకా ఇవ్వలేదా?
అందాకా ఇవ్వలేదండి.
ఎందుకట?
అతను పుస్తకం మూయలేదు. గ్లాసు కింద పెట్టాడు.
తెలీదమ్మా. నన్ను పంపేటప్పుడు మా నాన్న కూడా ఇదే అడిగాడు.

నాకు మా నాయనమ్మ చెప్పిన గిన్నె గుర్తొచ్చింది.
గుంటూరు గుడిలో ప్రభువు బల్ల దగ్గర
ఏ పేటవాళ్ళ పెదవుల తర్వాత
ఏ పేటవాళ్ళు తాగమని లేచిపోయేవారో.
రాయి విసురుదామని వంగాను,
చేతికి తగిలింది నా వాకిట్లో రాయే.

వెళ్తూ గుమ్మంలో ఆగాడు.
మీరు రేకుల మనిషి కదమ్మా, మావి నిజమంటారా?

మ్యూజియంలో ఒక రేకు ఉండేది.
వరాహముద్ర ఉంది, రాజు పేరుంది, పొలం హద్దులున్నాయి.
లిపి మాత్రం రెండొందల ఏళ్ళ తర్వాతది.
‘కూటశాసనం’ అని రిజిస్టర్లో రాసింది నేనే, ఎర్రసిరాతో.
ఆ రేకు చూపించి ఆ పొలం దున్నుకున్నవాళ్ళు
తరాల తరబడి తిన్నారు.
ఆ అన్నం కూటం కాదు.

ఇది అతనితో అనలేదు.
అంటే జవాబు చెప్పినట్టుంటుంది గానీ
తప్పించుకోవడమే అవుతుంది.
ఎర్రసిరా కూడా అబద్ధం కాదు కదా.
నేను చూడలేదు నాయనా, అన్నాను. ఇంకా చదువుతున్నా.

కాలవ గట్టు వెంట రెండు తెల్లచొక్కాలు
ఆటోల పొగలో చిన్నవైపోయాయి.

మంగళవారం మళ్ళీ వస్తారు.
అడగాల్సినవి పదకొండు రాసిపెట్టుకున్నాను.
మజ్జిగలో ఉప్పు తగ్గించాలి.